చెల్లెలి మాటలు

"ఎవరావిడ?"

టైపు చేస్తున్న కాగితాల కట్టని భార్య బల్ల మీద దభీమని పడేసింది. అనువాదకుడు ఉలిక్కిపడి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏ ఆవిడ?"

"నంగనాచి కబుర్లొద్దు. మీ నవల్లో చెల్లెలు!"

అదో పాత ఇంగ్లీషు నవల. ఇద్దరక్కచెల్లెళ్ళ కథ. అక్క నోట్లో నాలుక లేని మనిషి, పెళ్ళయ్యాక మొగుడేమన్నా "మీ ఇష్టం" అంటుంది. చెల్లెలు గడుగ్గాయి, పెళ్ళాడతానని వచ్చినవాణ్ణల్లా ఆటపట్టిస్తుంది. ఆయన చేత్తో తెలుగు చేసిస్తే ఈవిడ కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. వంద పేజీలు దాటేసరికి ఒళ్ళు భగ్గుమంది.

"పాత్ర కదే అది! రచయిత ఏం రాస్తే అదే నేను..."

"అబద్ధం! డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం చూశాను. అక్కడ ఆ పిల్ల 'నేను ఒప్పుకోను' అని ఊరుకుంది. మీరేం రాశారు? 'నేను మీకు నచ్చితే సగం పనే అయింది మహాశయా. మిగతా సగం సంగతి తీరిక దొరికినప్పుడు చూస్తాను' అట! ఇంత సరసం మీ బుర్రలోంచి ఊడిపడిందంటే చచ్చినా నమ్మను. ఆ పబ్లిషర్ ఆఫీసులో ఎడిటరమ్మేగా?"

"ఆవిడ కాదు."

ఎవరూ లేరనలేదు. ఆవిడ కాదన్నాడు! 

"అక్కకేమో నా మాటలు. 'ఉప్పు సరిపోయిందా', 'గొడుగు మర్చిపోకండి'. దానికేమో ఆ వయ్యారాలు! ఇంతకీ ఎక్కడుంటుందా మహాతల్లి?"

"ఏమో. అలా మాట్లాడటం మానేసి పద్నాలుగేళ్ళయింది," అన్నాడు. పైగా నవ్వుతున్నాడు.

"అయ్యో పాపం, బెంగ పెట్టుకున్నారా? పద్నాలుగేళ్ళ నాటి మాటలు ఇంకా గుర్తున్నాయా?"

"గుర్తెందుకు? ఉత్తరాలున్నాయిగా."

ఉత్తరాలు! ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తీయండి బయటికి! లేదంటే ఈ క్షణమే మా అన్నయ్య ఇంటికి పోతాను. మీ నవల మీరే టైపు చేసుకుని, దాంతోనే కాపురం చేయండి."

అతను లేచి బీరువాలో చొక్కాల అడుగు నుంచి చిన్న కట్ట తీశాడు. ఆమె అతని చేతుల్లోంచి లాగేసుకుంది. ముక్కలు ముక్కలుగా చింపెయ్యాలన్నంత కసితో దారం తెంపి, పైనున్న ఉత్తరం విప్పింది.

పెళ్ళికి నెల ముందు తేదీ. దస్తూరీ తనది.