అత్తగారి ముందుచూపు

“మోచెయ్యి ఒంటికి ఆనించి, చెయ్యి మెల్లగా బయటికి తిప్పు నాయనా. గుంజకు,” అంది నాయనమ్మ.

భుజం జారిన పిల్ల ఆస్పత్రి మంచం మీద పళ్ళు బిగబట్టుకుని ఉంది. పదిహేనేళ్ళది. వాలీబాల్ ఆడుతూ ఎగిరి బంతిని కొట్టబోయి పడింది. ఎముకల డాక్టరు నవ్వి, మీరూ ఈ చదువే చదివారా బామ్మగారూ అన్నాడు. అన్నాడే గానీ ఆవిడ చెప్పినట్టే తిప్పాడు. భుజం లోపలికి కూర్చుంది. పిల్ల హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. కోడలికి మాత్రం తల కొట్టేసినట్టయింది. డాక్టరుకే వైద్యం నేర్పే అత్తగారు అందరికీ దొరకరు కదా.

తరువాత డాక్టరు వివరాలు రాసుకున్నాడు. కోడలు టకటకా చెప్పింది. కుడిచేతి వాటం, పాత జబ్బులేవీ లేవు, భుజం జారడం ఇదే మొదలు, పడని మందులంటూ లేవు. నాయనమ్మ వంగి పిల్ల బూట్ల తాళ్ళు విప్పుతూ కూర్చుంది.

“ఈ వయసు భుజాలు మాట వినవమ్మా,” అన్నాడు డాక్టరు. “ఒకసారి జారినది మళ్ళీ జారే అవకాశం ఎక్కువ. ఇప్పుడే ఆపరేషన్ చేసి లోపల చిరిగింది కుట్టేస్తే ఆ భయం బాగా తగ్గుతుంది. కాకపోతే ఆరు నెలలు ఆట ఉండదు. అది వద్దంటే మూడు నెలలు వ్యాయామాలు చేయించి కండ గట్టిపడేలా చూద్దాం. మొదటిసారే కాబట్టి రెండూ సబబే. మీరే ఆలోచించుకోండి.”

“కోసెయ్యండి,” అంది నాయనమ్మ.

కోడలు తెల్లబోయింది. పుచ్చిపోయిన పన్ను పీకించుకోవడానికి పదకొండేళ్ళు వాయిదాలు వేసిన మనిషి ఈవిడ. సూది వేయించుకోవాల్సిన రోజున పక్కింట్లో దాక్కున్న మనిషి. పిల్ల కూడా నాయనమ్మ వైపు చురుగ్గా చూసింది.

“గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అత్తయ్యా?”

“నా మనసు చెబుతోందమ్మా.”

“మీ మనసు నిన్న వాన వస్తుందని కూడా చెప్పింది. తడిబట్టలన్నీ వంటింట్లో ఆరేసి చచ్చాను.”

పిల్ల తండ్రికి ఓడ మీద ఉద్యోగం. ఫోన్లో విషయమంతా విని, రెండూ మంచివే అన్నప్పుడు కోత లేనిదే చూడండి అన్నాడు. దాంతో వ్యాయామాలే ఖాయమయ్యాయి.

నిజానికి కోడలికి ఆ ఆటంటేనే గిట్టదు. ఒక్క దెబ్బ తగిలించుకుని ఇంటికొచ్చావా, బంతి అటకెక్కుతుంది, ఆట ఆగిపోతుంది అని ఏడాది కిందటే పిల్లకు గట్టిగా చెప్పింది. తీరా ఆస్పత్రి మంచం మీద పిల్ల మొహం చూశాక ఆ మాట తనకే గుర్తు రాలేదు. అక్కణ్ణుంచి నాలుగో నెలలో బడులన్నిటికీ కలిపి జట్టు ఎంపిక ఉందట. పిల్ల నిద్రలో కూడా దాని గురించే కలవరిస్తోంది. ఎలాగైనా అప్పటికి లేపి నిలబెట్టాలని తల్లే పంతం పట్టింది.

కోడలు చొక్కాలు కుట్టే కార్ఖానాలో కుట్లు తనిఖీ చేస్తుంది. పోగు తేడా వస్తే ఒప్పుకోని కళ్ళు. రోజూ పొద్దున్నే కిటికీ ఊచకు రబ్బరు పట్టీ కట్టి, పిల్ల చేత లాగిస్తూ తనే లెక్కపెట్టేది. పిల్ల పన్నెండు లాగి పదిహేనంటే మళ్ళీ మొదటి నుంచీ లాగించేది. వ్యాయామాలు నేర్పే ఆవిడ వారం వారం చూసి, ఇంత బుద్ధిగా చేసేవాళ్ళు అరుదు అని మెచ్చుకుంది.

నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. కోత సంగతి డాక్టర్ని ఇంకోసారి అడుగుదామా అని నెలకు నాలుగుసార్లు కదిపేది. పిల్ల ముందు ఆ పాడుమాటలేమిటని కోడలు కసిరేది. ఒకరోజు, “అది కాదమ్మా, అసలు సంగతేమిటంటే...” అని మొదలుపెట్టింది. “నాయనమ్మా,” అంది పిల్ల. అంతే, పెద్దావిడ నోరు మూతపడింది. కత్తి పేరెత్తితేనే బిడ్డ బెదిరిపోతోందని కోడలు అత్తగారి మీద ఇంకాస్త విసుక్కుంది.

ఎంపిక రోజు రానే వచ్చింది. పిల్ల రెండుసార్లు ఎగిరి బంతిని అవతలి గీత మీద కొట్టింది. మూడోసారి పైకి లేచిన చెయ్యి పైనే ఉండిపోయింది.

ఈసారి డాక్టరు నవ్వలేదు. భుజం కీలు కూర్చునే గిన్నె అంచున ఎముక అరిగి, విరిగింది. కుట్లతో సరిపోదు, వేరేచోటి నుంచి ఎముక ముక్క తెచ్చి మరలతో బిగించాలి. చెయ్యి మామూలు పనులకు పనికొస్తుంది, జడ వేసుకోగలదు, పైనున్న డబ్బా అందుకోగలదు. ఎగిరి బంతి కొట్టడం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు. వ్యాయామాల్లో లోపమేమీ లేదే, ఇంత అరుగుదల ఎలా వచ్చిందో నాకే అంతుపట్టడం లేదని పైగా తనూ బాధపడ్డాడు.

ఆపరేషన్ గది బయట బల్ల మీద అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. కోడలు మొగుడికి ఫోన్ చేసి, మీ అమ్మకున్న ముందుచూపు నాకు లేకపోయిందని ఏడ్చింది. ఫోన్ పెట్టేసి అత్తగారి పక్కకు జరిగింది.

“మొదటిరోజే చెప్పారు. చదువులేని మనిషని మీ మాట తీసి పారేశాను. నా పిల్ల ఆట నా చేతులారా పోగొట్టాను అత్తయ్యా.”

“నీ తప్పేం లేదమ్మా.”

“ఓదార్చకండి. ఆ డాక్టరుకే తెలియనిది మీకెలా తెలిసింది?”

నాయనమ్మ తన రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

పిల్ల భుజాన్ని ఆ మొదటిరోజుకు ముందే రెండుసార్లు గుట్టుగా కూర్చోబెట్టిన చేతులవి.