ఆరో మంచం గొడవ

ఆరో మంచం కుంజువర్కీ మంగళవారం పొద్దున గంజి గిన్నె విసిరికొట్టాడు. బుధవారం తినిపించబోయిన నర్సు చెయ్యి గీరాడు. గురువారం ఏకంగా పక్క మంచం మాస్టారు పైలీ మాష్ మీదెక్కి, ఆయన నోట్లోకి మూడు వేళ్లు దూర్చాడు. ఇద్దరు అటెండర్లు పట్టి లాగితే గానీ వదల్లేదు.

బ్రిజిత్త సిస్టర్ మూడూ ఫారాల్లో రాసింది. మతిమరుపు ముదిరి గొడవ చేసే ముసలివాళ్ల కోసమే పెట్టిన వార్డు అది. జిల్లాలో ఇలాంటిది ఇంకోటి లేదని గేటు దగ్గర బోర్డే చెబుతుంది. ఫారంలో మూడు గళ్లుంటాయి: గొడవకి ముందు ఏం జరిగింది, గొడవేమిటి, తర్వాత ఏం చేశారు. మొదటి గడిలో సిస్టర్ మూడు రోజులూ ఒకే మాట రాసింది. "ఏమీ జరగలేదు."

జరగడానికేముంది? ఆ వారం వార్డు అద్దంలా మెరిసిపోతోంది. తనిఖీ ఉందని సోమవారం సాయంత్రం సిస్టర్ దగ్గరుండి అన్నీ కడిగించింది. ఒక్కో మంచానికి ఒక్కో గిన్నె పెట్టుకుని గంటలకొద్దీ తోమే పాత పద్ధతి ఆవిడకి కంటగింపు. గ్లాసులు, స్పూన్లు, కళ్లజోళ్లు, కట్టుడుపళ్లు, దువ్వెనలు అన్నీ పెద్ద బేసిన్‌లో మందునీళ్లు పోసి ఒక్క వాయిలో తేల్చేసింది. తనిఖీకొచ్చిన పెద్దమనిషి ఆ బేసిన్‌కి ఫొటో కూడా తీసుకున్నాడు.

పైలీ మాష్‌ని చూపించినప్పుడైతే తల పంకించాడు. మాష్ రిటైరైన హెడ్మాస్టరు. పొద్దున లేస్తే లేని పిల్లలకి ఎక్కాలు చెప్పేవాడు. తమలపాకు మాట వినబడితే చాలు, బెత్తం తెమ్మని కేకలేసేవాడు. అలాంటి మనిషి మంగళవారం నుంచి పెదవి విప్పలేదు. గంజి కూడా పెదవుల సందునే జుర్రుకుంటూ బుద్ధిమంతుడిలా కూర్చుంటున్నాడు.

"మా వైద్యం అలాంటిది సార్," అంది సిస్టర్.

ఆ వైద్యం కుంజువర్కీకి ఎక్కలేదు. అరవై ఏళ్లు రబ్బరు చెట్లు గీసి, అరవై ఏళ్లు తమలపాకు నమిలిన మొండిఘటం. వచ్చిన కొత్తలో మంచం కోళ్లనే చెట్లనుకుని స్పూనుతో గీసేవాడు. అయినా కంచం మాత్రం నాకి వదిలేవాడు. ఇప్పుడు ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తున్నాడు. ఆకు నమిలినందుకు మాష్ రోజూ తిట్టేవాడు కదా, ఆ తిట్టే నోటి మీద కక్ష కట్టాడని పెద్ద డాక్టరు తేల్చాడు. మూడు నిమిషాలు చూసి తేల్చాడు.

శుక్రవారం కూతురు ఎల్సమ్మని పిలిపించారు. కల్లు షాపులో వంటమనిషి. చేతిలో కాగితాలు పెట్టబోతే, టిఫిన్ క్యారియర్ విప్పుతూ కూర్చుంది. ఉడికించిన కర్రపెండలం, చింత తగిలిన చేపల పులుసు. వార్డంతా ఆ వాసనే. సిస్టర్ ముక్కు మూసుకుంది.

"ముందు సంతకం పెట్టు. రేపట్నుంచి చేతులు మంచానికి కట్టేస్తాం. ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపిస్తాం."

"సోమవారం దాకా బానే తిన్నాడు కదా సిస్టర్. ఒక్కరోజులో ఏమైంది?"

"జబ్బు ముదిరింది. నీకు చెప్పినా అర్థం కాదులే. మెదడు ఎండిపోయాక మనిషికి తనదేదో పరాయిదేదో తెలీదు."

"మా చాచ్చన్‌కి కన్నకూతురి పేరే గుర్తులేదు, నిజమే. చెట్లు గీసే కత్తులు వంద కలిపి పొయ్యండి, తన కత్తేదో తీసి చూపిస్తాడు."

"గంజి గిన్నె విసరడం కూడా ఆ తెలివేనా?"

ఎల్సమ్మ పెండలం చిదిమి, పులుసులో ముంచి, తండ్రి నోటికందించింది.

"చాచ్చా, నీ చేపల పులుసే. ఒక్క ముద్ద."

కుంజువర్కీ ఆశగా నోరు తెరిచాడు. రెండుసార్లు నమిలాడు. మొహం చిట్లించి, మొత్తం ఒళ్లో ఉమ్మేశాడు. పక్క మంచం వైపు వేలు చూపిస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని," అంది సిస్టర్. "చూశావుగా, ఇంకా ఆ కక్షే. పెట్టు సంతకం. ఈ మంచం కోసం బయట జనం కాసుకునున్నారు."

ఎల్సమ్మ ఆయన ఒడి తుడిచింది. కాసేపు తండ్రి చేతుల్నే చూసింది. కత్తి పట్టి పట్టి కాయలు కాసిన ఆ చేతుల్ని రేపట్నుంచి కట్టేస్తారు. చివరికి పెన్ను అందుకుంది.

పైలీ మాష్ గిన్నెకేసే చూస్తున్నాడు.

"పాపం, ఆయనకి ఓ ముద్ద పెట్టనా సిస్టర్? చల్లారిపోతుంది."

"పెట్టు. ఆయన మా బంగారుకొండ. ఎవరేం పెట్టినా కిక్కురుమనడు."

ఎల్సమ్మ ముద్ద పట్టుకుని ముందుకి వంగింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మాష్ తనంతట తాను పెదవులు విప్పి, నోరు పెద్దగా తెరిచాడు.

ముద్ద గాల్లోనే ఆగిపోయింది. ఆమె దాన్ని గిన్నెలో వేసేసి, పెన్ను తీసి సిస్టర్ చేతిలో పెట్టింది.

"సిస్టర్, తమలపాకు పేరెత్తితే బెత్తం తీసే మాష్ నోట్లోకి మా చాచ్చన్ ఎర్రగార కట్టుడుపళ్లు ఎట్లా వచ్చాయి?"