ఇరవై చుక్కలు

ఈసారీ నాలుగో రోజుకు మచ్చలు పోయాయి. ఏడో రోజుకు మళ్ళీ వచ్చాయి.

పరమేశ్ తొట్టి అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. ఆరు గోల్డ్ ఫిష్‌లలో నాలుగింటికి రెక్కల మీదా తోకల మీదా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మందు మొదలుపెట్టాక రోగం తిరగబెట్టడం ఇది మూడోసారి.

చేపలు సేఠ్‌వి. ఆల్థాన్‌లోని ఈ ఫ్లాటూ ఆయనదే. కుటుంబంతో సొంతూరు వెళ్ళి లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయాడు. చేపలకు మేత వేసే వాచ్‌మన్ మచ్చలు చూసి ఫోన్ చేస్తే, సేఠ్‌కు తన మగ్గాల మీద పనిచేసే పరమేశ్ గుర్తొచ్చాడు. అన్ని మగ్గాల మోతలోనూ పోగు తెగిన చప్పుడు పసిగట్టే మనిషి. భార్యనూ తెచ్చుకొమ్మన్నాడు. చేపలు బాగుపడ్డ రోజు తాళం చెవి వాచ్‌మన్‌కిచ్చి వెళ్ళిపొమ్మన్నాడు.

వెళ్ళడమంటే నగరానికి ఆ చివర, పర్వత్ పాటియాలో ఉన్న తమ గదికి. ఒకే గదిలో రెండు కుటుంబాలు, గదుల వరుసకంతా ఒకటే పాయిఖానా. ఎదురు గదిలోంచి ఇద్దరిని అంబులెన్సు తీసుకెళ్ళి పది రోజులైంది. భార్య సుభాషిణికి ఇప్పుడు ఎనిమిదో నెల. తొలి కడుపు ఆ గదిలోనే పోయింది. ఊరికి పోదామంటే రైళ్ళు లేవు.

సలాబత్‌పురాలో పెంపుడు చేపల దుకాణం వాడు షట్టరు సగం ఎత్తి, మందు సీసాతో పాటు రోగం గుట్టు కూడా చెప్పాడు. చేప ఒంటి మీద ఉన్నంతసేపు ఆ మచ్చల పురుగును మందు ఏమీ చేయలేదు. మచ్చ పండి రాలి, పిల్లలు పెట్టి, ఆ పిల్లలు నీళ్ళలో ఈదుతున్నప్పుడే చావాలి. మచ్చలు పోయినా నీళ్ళలో మందు ఉండాల్సిందే. పది రోజులు, రోజుకు ఇరవై చుక్కలు. పరమేశ్ ఆ ముచ్చటంతా ఇంటికొచ్చి సుభాషిణికి పూసగుచ్చినట్టు చెప్పాడు.

పొద్దున ఆరింటికి చుక్కలు పైకే లెక్కపెడుతూ వేసేవాడు. నీళ్ళు పచ్చబడేవి. తర్వాత పాలకూ కూరగాయలకూ వరుసలో నిలబడేవాడు. రెండు గంటలకు తిరిగొచ్చేసరికి నీళ్ళు తేటగా ఉండేవి. మందును చేపలు తాగేశాయనుకునేవాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ వదిలేవాడు కాదు.

“క్యా డాక్టర్ సాబ్, పేషెంట్లకు డిశ్చార్జి ఎప్పుడు?”

ఇంకా కాలేదని పరమేశ్ నవ్వేవాడు. ఒకరోజు మెట్లెక్కుతుంటే తెలిసింది, తను నిజంగానే సంతోషంతో నవ్వుతున్నాడని.

ఆ తర్వాత తన మీద తానే నిఘా పెట్టుకున్నాడు. మచ్చలు మళ్ళీ కనబడగానే ముందు ఛాతీ మీది బరువు దిగిపోయేది. ఇంకో వారం దొరికింది అనిపించేది. సిగ్గు ఆ వెనక వచ్చేది. ఎప్పుడూ రెండోదిగానే వచ్చేది. సీసా పట్టుకున్న చేతిని అనుమానించాడు. చుక్కలు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఇరవయ్యే. అయినా నమ్మకం కుదరలేదు. మగ్గం మీదా అంతే, మనిషి మనసు పక్కకు పోతే పోగు తెగుతుంది. ఎట్లా తెలుస్తుందో మగ్గానికి తెలుస్తుంది.

గురువారం ఒక చేప వెల్లకిలా తేలింది. సుభాషిణి దాన్ని చూసి గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. మటన్ దుకాణం సందులో పెరిగిన మనిషి చేపకు ఇంత ఏడవడం అతనికి వింతగా తోచింది. నెలలు నిండుతున్నాయి కదా అని సర్దిచెప్పుకున్నాడు. పైగా వారం రోజులుగా నడుం పట్టేసి వంగలేకపోతోంది.

వీడియో కాల్‌లో సేఠ్ తిట్టలేదు. పక్కన ఆయన కూతురు వెక్కుతూ ఒక్కో చేపనూ పేరు పెట్టి అడిగింది. పరమేశ్ ఫోన్‌ను తొట్టి వైపు తిప్పి తన ముఖం కనబడకుండా నిలబడ్డాడు.

శనివారం ఇంకోటి అడుగున పక్కకు ఒరిగింది. మొప్పలు ఎగరేస్తోంది. పరమేశ్ దాని ముందు గొంతుక్కూచుని చూశాడు. లేచి ఫోన్ తీశాడు.

“ఎవలకు?” అంది సుభాషిణి.

“సేఠ్‌కు. వేరేటోన్ని పెట్టుకోమంట. మనం గదికి పోదాం.”

ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

“ఏమైందిప్పుడు?”

“గీ చేపల్ని నేనే సంపుతున్ననే.” తొట్టి వైపు చెయ్యి చూపించాడు. “మచ్చలు కనవడంగనే నా పానం నిమ్మలమైతది. ఇంకిన్ని దినాలు ఈడ ఉండొచ్చని. లోపల గిట్ల కోరుకునేటోడు మందేస్తే పని జేస్తదా? నా కోరికనే వాటి మీద మచ్చలై లేస్తుంది. అవి సస్తే ఆ పాపం పుట్టెటోనికి తగుల్తది.”

నంబరు నొక్కాడు. అవతల ఫోన్ మోగుతోంది. ఒకసారి. రెండుసార్లు.

సుభాషిణి వచ్చి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కాల్ కట్ చేసి, కడుపు మీద చెయ్యి వేసుకుని, తొట్టి వైపు చూడకుండా చెప్పింది.

“నువ్వు పాలకు వోయినప్పుడల్లా నువ్వేసిన మందునీళ్ళు తోడిపోసి, మంచినీళ్ళు నింపింది నేను.”