ఎదురింటి నీలిగోడ

"బాలన్న గోడ కన్నా ముదురు రంగు రావాల. ఇంకో గుప్పెడు నీలిమందు కలుపు," అన్నాను.

నాకు తమ్ముడి వరసయ్యే బాలన్న ఎదురింట్లో ఉంటాడు. వాడు బయటి గోడకు నీలిరంగు పూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

సున్నం కలుపుతున్న నా భార్య గురమ్మ తలెత్తింది. "ఇంట్లో పూద్దామయ్యా. పొగకు గోడలు పలక మాదిరి నల్లబడినాయి."

"లోపల ఎవురొచ్చి చూస్తారే, కలెక్టరు దొరా? బయట పూస్తే వాడు చూసి కుళ్ళుతాడు!"

"వాడి గోడ పొద్దస్తమానం చూసేది నువ్వు. నీ గోడ చూసేది వాడు. ఖర్చు మనది, కనువిందు వాడికా?"

ఎదుటి అరుగు మీంచి బాలన్న కేకేశాడు. "ఏందన్నా, ఈపొద్దన్నా పూస్తావా?"

వాడి ఆత్రం చూసి, సున్నం కుండ ఎత్తుకొని లోపలికి నడిచాను.

తలుపు మూసే ముందు వాడి గోడను ఇంకోసారి చూసుకున్నాను. కంటికి చల్లగానే ఉంది.