పన్నెండో బంతి

పన్నెండు బంతులు కొడితే పన్నెండూ కుడివైపే పోయాయి.

సాంబమూర్తి చేతిలోని పొడుగు కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. గోల్ఫ్‌లో మొదటి దెబ్బ దూరంగా కొట్టే కర్ర అది, డ్రైవర్ అంటారు. దీని తలే వంకరగా ఉన్నట్టుంది అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ వరస అంది భార్య నాగేశ్వరి, వంటింటి గుమ్మంలోంచి.

ఆమెకు నవ్వులాటే గానీ అతనికి ప్రాణం మీదికొచ్చింది. అది అరవై తొమ్మిది, జూన్ నెల. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ఇంటి గేటు తీసి పద్నాలుగు రోజులైంది. బస్సుల్లేవు, ఆఫీసు లేదు. ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని రోడ్డు మీద ఊరేగింపులు. పోదామంటే బదిలీ ఇవ్వరు. ఉద్యోగం వదిలేసి పోతే తిండి లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో భీమవరం నుంచి వచ్చిన ఆ ఇంజినీరుకు బాగా తెలిసొచ్చింది.

బదిలీ కాగితం మీద సంతకం పెట్టాల్సిన పెద్ద ఇంజినీరుకు గోల్ఫ్ పిచ్చి. వచ్చే నెల మొదటి ఆదివారం పోటీ ఉంది, జీపు పంపిస్తాను, నా జోడీగా ఆడు, గెలిపించావంటే నీ బెజవాడ సంగతి చూద్దాం అన్నాడు. సాంబమూర్తికి దగ్గరి దెబ్బలు బాగానే వస్తాయి. ఈ మొదటి దెబ్బతోనే చావొచ్చింది. ఎవరి బంతులతోనూ కలిసిపోకుండా ఒక్కోదాని మీద ఎర్ర సిరాతో ‘సా’ అని రాసుకుని మరీ మొదలుపెట్టాడు.

పెరటి గోడ అవతల తిన్నగా చూస్తే సరూర్‌నగర్ చెరువు. కుడిపక్క నల్లటి రాతి గుండ్లు. వాటి వెనక ఏముందో ఏడాదిన్నరగా అతను చూసిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున్నే బంతుల రెండో పెట్టె విప్పుతుండగా ఎవరో పెరటి తలుపు తట్టారు.

నాగేశ్వరి మొహం పాలిపోయింది. సాంబమూర్తి కర్ర చేతపట్టుకునే తలుపు బెత్తెడు తీశాడు.

ఒక ముసలాయన. మెడలో నల్లతాడుకు సిలువ. తలకు చుట్టిన తువ్వాలును ఎడమ కంటి మీదికి లాక్కున్నాడు. పంచె మడతలోంచి బంతులు తీసి గడప మీద పెట్టాడు. పదకొండు.

"ఇంకోటేదీ?"

"గంతే దొరికినయి, సాబ్."

పేరు యెహెజ్కేలట. గుండ్ల అవతల ఉంటాడట. కంటికేమైందంటే బాగలేదన్నాడు. కండ్లకలకేమోనని నాగేశ్వరి భర్తను రెండడుగులు వెనక్కి లాగింది.

ముసలాయన మాత్రం కదల్లేదు. బొల్లారంలో తెల్లదొరల గోల్ఫ్ సంచులు పన్నెండేళ్ళు మోశాడట. బంతి లేకుండా ఒకసారి కొట్టి చూపించమన్నాడు.

సాంబమూర్తి కర్ర విసిరాడు.

"కర్ర మంచిదే. మీ కుడి భుజమే ముందుగాల ఉరుకుతున్నది. కుడి చంకల దస్తీ పెట్టుకోండ్రి. కర్ర కిందికి ఒచ్చేదాంక దస్తీ పడొద్దు."

సాంబమూర్తి జేబులోని చేతిరుమాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ముసలాయన రోజూ వచ్చాడు. కుడికాలు జానెడు వెనక్కి పెట్టించాడు. ఎడమ చేతి కణుపులు రెండు పైకి కనబడేలా పట్టు మార్పించాడు. ఐదు రోజులు బంతి ముట్టనివ్వలేదు. గాలిని కొట్టీ కొట్టీ సాంబమూర్తికి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ నాలుగు గోడలు దాటి ఎక్కడికి పోతాడు?

ఊరికే ఇంత చాకిరీ ఎవరు చేస్తారని నాగేశ్వరి అనుమానం. ఇంట్లో ఎందరున్నారో చూసిపోయి ఆ ఊరేగింపులవాళ్ళకు చెబుతాడేమో అంది. బంతి దాచుకున్నవాడు ఇంకేం దాచుకున్నాడో అని సాంబమూర్తికీ అనిపించింది. ఐదో రోజు ఆ పన్నెండోది ఏమైందని మళ్ళీ అడిగాడు, కటువుగానే. ముసలాయన నేల చూపులు చూసి, పోయిందనుకోండ్రి అన్నాడు. పోనీ నీకేం కావాలో చెప్పు అంటే ఒకటే మాట.

"సీదా కొట్టుండ్రి, సాబ్. చెరువుల పడాలె. గుండ్లెనుక పడొద్దు."

ఆరో రోజు బంతి పెట్టనిచ్చి, తను పోయి గుండ్ల మీద నిలబడ్డాడు.

దస్తీ చంకలోనే ఉంది. బంతి తిన్నగా లేచి, గోడ దాటి, ఎండిన చెరువు ఒండులో పడింది. తర్వాతవీ అంతే. ముసలాయన దిగివచ్చి సిలువను ముద్దు పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి రాలేదు.

ఆదివారం జీపు వచ్చింది. సాంబమూర్తి తిన్నగా కొట్టాడు. పది రోజులకు బెజవాడ కాగితం చేతికొచ్చింది.

సామాను లారీకెక్కుతుంటే ముసలాయన గుర్తొచ్చాడు. అనుమానించినందుకు సిగ్గేసింది. కొత్త తువ్వాలొకటి తీసుకుని సాంబమూర్తి మొదటిసారి గుండ్ల అవతలికి నడిచాడు.

అక్కడ ఇరవై గుడిసెలున్నాయి. ఏ గుడిసె ముందు చూసినా పిల్లలే. అతని కాళ్ళు ఆగిపోయాయి.

యెహెజ్కేలు ఇల్లేదంటే ఒక ముసలామె మంచం మీంచి లేచింది. ఎలీశమ్మ, అతని భార్య. కంటి దవాఖానలో ఉన్నాడని, ఎడమ కంటికి చూపు ఇక రాదన్నారని చెప్పింది. సాంబమూర్తి తనెవరో చెప్పి తువ్వాలు చేతికిచ్చాడు.

ఆమె లోపలికి పోయింది. చూరులోంచి గుడ్డ మూట తీసుకొచ్చి, చుట్టూ చూసి, అతని అరచేతిలో పెట్టింది. విప్పితే బంతి. ఎర్ర సిరాతో ‘సా’, పక్కనే ఎండిపోయిన నెత్తుటి మరక.

రోడ్డు మీద లారీ హారన్ కొడుతూనే ఉంది.

"మా పోరగాండ్లకు తెలిస్తె మీ ఇల్లు తగలవెడుదురని, బర్రె కొమ్ము తాకిందని చెప్పిండు బస్తీల," అంది ఎలీశమ్మ మెల్లగా. "మీరు గూడ గదే చెప్పుండ్రి, సాబ్."