పంటి కింద రంపం

నా రంపం పళ్లు విరగ్గొట్టిన తమ్ముణ్ణి రెండేళ్లుగా మెయిల్లో తిడుతున్నాను. ఒంటివేలితో టైపు కొట్టినా నా తిట్లకు పదును తగ్గదు. వాడు ఒక్కదానికీ జవాబివ్వలేదు. అంత పొగరు!

ఇవాళ కోడలు పాత కంప్యూటర్లోని మెయిళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది.

"మామయ్యా, చిన్నమామయ్యకు రాసినవి ఒక్కటీ పోలేదు. అవుట్‌బాక్స్‌లోనే ఇరుక్కున్నాయి. అయ్యో, ఇప్పుడు వరసపెట్టి పోతున్నాయి!"

"ఆపమ్మా! రెండేళ్ల తిట్లు ఒక్కసారే మీద పడితే ఉన్న ఒక్క తమ్ముడూ దక్కకుండా పోతాడు!"

ఇంటర్నెట్ వైరు పీకేశాను.

ఫోను మోగింది. తమ్ముడే.

"అన్నయ్యా, తిట్లు అందాయి. రెండేళ్లుగా నీ ఉలుకూ పలుకూ లేకపోతే నన్ను వదిలేశావనుకున్నాను."

నేను ఫోను చెవికి ఆనించుకునే కోడలి వైపు తిరిగాను.

"వైరు పెట్టమ్మా. ఇంకా సగం ఉన్నాయి."