హార్లన్ చేతి తూటా

"ఇంకా తూటాలు ఇంట్లోనే నింపుతున్నావా హార్లన్? నీకేమైనా పిచ్చా?" అంటూ వెర్నన్ కొత్త తూటాల పెట్టె తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టాడు. "కొన్నా ఇంచుమించు అంతే పడుతోంది ఈ రోజుల్లో. చలికాలమంతా ఆ నేలమాళిగలో కూర్చుని కళ్ళు పోగొట్టుకోవడం తప్ప నీకు మిగిలేదేముందయ్యా?"

ఊళ్ళో తుపాకుల కొట్టు వెర్నన్‌దే. ఆదివారం పూట, మట్టి బిళ్ళలు ఎగరేసి కాల్చే గురి మైదానంలో నలుగురూ వింటుండగా అనేసరికి బెంచీల మీద నవ్వులు లేచాయి.

"మిగలకపోతే పోయె. మా ఆవిడకి నా చేతి తూటా అలవాటు," అన్నాడు హార్లన్.

"అలవాటేగా, మార్చేద్దాం. లొరీన్ తల్లీ, ఈ పెట్టె నీకు ఊరికే ఇస్తున్నా. ఈ ఆట వీటితో ఆడి చూడు. నచ్చితే మీ ఆయన తూటాలు నింపే యంత్రాన్ని పాత ఇనుముకి వేసేద్దాం!"

"దానికేం భాగ్యం!" అని లొరీన్ పెట్టె అందుకుంది.

హార్లన్ చెయ్యి ఆ పెట్టె దాకా వెళ్ళి ఆగింది. డెబ్బై దాటిన లొరీన్ కుడి భుజానికి నాలుగేళ్ళ కిందట ఆపరేషనయింది. తుపాకి పేలినప్పుడల్లా వెనక్కి భుజాన్ని తంతుంది కాబట్టి ఇక కాల్చడం మానెయ్యమన్నాడు డాక్టరు. "అందరూ కాల్చే తూటా కాల్చలేని రోజున తుపాకి నేనే గోడకి తగిలించేస్తా. జాలి తూటాలు మాత్రం నా దగ్గరికి తేవద్దు," అంది లొరీన్. అన్నంత పనీ చేసే మనిషి. తుపాకి లేని లొరీన్‌ని హార్లన్ ఊహించలేడు. అందుకే ఏటా మందు కొలతల పుస్తకంలో లెక్క చూసుకుని, అంతకు ముందు ఏడు కన్నా కాస్త మందు తగ్గించి తేలిక తూటాలు నింపుతున్నాడు. పైకి చూస్తే ఏ తేడా తెలియదు. ఆవిడ కాల్చి వచ్చి, "చూశావా, నా భుజం మళ్ళీ ఉక్కయింది," అన్నప్పుడల్లా తల ఊపి ఊరుకుంటాడు.

ఇప్పుడు వద్దని అడ్డుపడితే గుట్టు రట్టవుతుంది. పడకపోతే ఆ భుజం ఏమవుతుందో!

"వదులు!" అని అరిచింది లొరీన్. నారింజ రంగు మట్టి బిళ్ళ గాల్లోకి లేచింది, ధన్‌మని పేలింది, పొడి పొడిగా రాలింది. హార్లన్ తన భుజమే పట్టుకున్నాడు. మళ్ళీ అరిచింది, మళ్ళీ రాలింది. పేలిన ప్రతి తూటా ఖాళీ డొప్పనూ నేల మీద పడనివ్వకుండా నడుముకున్న సంచిలో వేసుకుంటోంది. ఇంట్లో తూటాలు నింపుకునే వాళ్ళకి డొప్ప పారెయ్యడం అన్నం పారేసినట్టే. ఆవిడ నిలబడ్డ తీరూ, తుపాకి ఎత్తిన తీరూ చూస్తుంటే భయంలోనూ హార్లన్‌కి ముచ్చటేసింది. ఆట ముగిసేసరికి ఒక్కటంటే ఒక్క బిళ్ళ తప్పింది.

"ఎలా ఉన్నాయి తల్లీ?" వెర్నన్ ఎదురెళ్ళాడు.

"దూదితో నింపావా ఏమిటి వెర్నన్? మా ఆయన తూటా పేలితే గాడిద తన్నినట్టుంటుంది. ఇవి పసిపిల్లలకి అమ్ముకో." సంచి గలగలలాడించింది. "డొప్పలు మాత్రం బావున్నాయి. మా ఆయన నింపుకుంటాడు."

మైదానమంతా గొల్లున నవ్వింది. వెర్నన్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఆ యంత్రం జోలికి ఇక రాను మహాతల్లీ!"

హార్లన్‌కి ఆనందం పట్టలేదు. ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డాడన్నమాట! నాలుగేళ్ళు దొంగచాటుగా తేలిక తూటాలు నింపింది ఈ భుజం కోసమా! ఈ ఏడు మామూలు తూటాలే నింపెయ్యాలి అనుకుంటూ తుపాకి సర్ది బండెక్కాడు. "ఏం భుజమే నీది!" అన్నాడు మనసారా.

బండి మొక్కజొన్న చేల మధ్య మలుపు తిరిగి, మైదానం కనుమరుగయ్యేదాకా లొరీన్ ముందుకే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఎడమ చేత్తో కుడి భుజాన్ని అదిమి పట్టుకుని, పళ్ళ బిగువున అంది.

"ఏటా తగ్గిస్తున్నావుగా హార్లన్, ఈ ఏడు ఇంకొంచెం ఎక్కువ తగ్గించు."